వంకరపోయిన వ్రాత
వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము



విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాదేశించిరి. విద్యావశ్యకతను గూర్చి చెప్పువారు పలువురు గలరు. నేను బాలుర వ్రాత చెడుటకు గల యొక కారణమును మాత్రము విన్నవించెదను.

ముత్యములవంటి యక్షరములు వ్రాయు బాలుడు పండ్రెండు, పదునాలుగేండ్ల ప్రాయమున వంకరగీతలు గీయ నారంభించును. చేయి వణకును. మాట ముద్దయగును. నోట చొంగ కారును. మెడ యొక ప్రక్కకు మెలిదిరుగును. ఉపాధ్యాయుడు సోమరితన మని బెత్తము పుచ్చుకొనును. ఇంట అవ్వ "గాలి సోకిన"దనును. మైపాడు మొదలు తూపిలిపాలెము వఱకు మన తీరగ్రామములలో తాయెత్తే మొదటి మందు.

ఇట్టి లక్షణములు గల వ్యాధులు పెక్కు. అందు విల్సను వ్యాధి యొకటి. 1912లో లండను నగరమున కిన్నియర్ విల్సను అను వైద్యుడు దీనిని వివరించెను. మనము తిను నాహారములోని రాగిలో నక్కఱకు మించినదానిని కాలేయము పైత్యరసముతో వెలికి బంపును. (రాగి యనగా లోహము, సంకటికి వాడు రాగులు కావు.) ఆ పని సాగనిచో రాగి కాలేయమున, పిదప మెదడున పేరుకొనును. కంటి నల్లగ్రుడ్డు అంచున గోధుమవన్నె వలయముగా నేర్పడును. హంటింగ్‌టన్ వ్యాధివంటి వంశానుగత వ్యాధుల గతిని నిలుపు మందు నేటికిని లేదు. దీనికి 1956 నుండియు పెనిసిల్లమిన్ కలదు. తరువాత జింకు వచ్చినది. కాలము మించరాదు, అంతియే.

ఇది యెవరి పాపఫలమును గాదు. 1993లో కనుగొనబడిన యొక జన్యువునందలి లోపము తల్లినుండియు, తండ్రినుండియు, రెండువైపుల సంక్రమించిననే వ్యాధి కలుగును. వారిద్దఱు నారోగ్యవంతులుగనే యుందురు. ప్రతి కాన్పునందును నాల్గింట నొకపాలు భయము. కావున కోడలిని నిందించు నత్తగారు తన కొడుకును గూడ నిందింపవలసియుండును! చరకసంహిత శారీరస్థానమున రెండవ యధ్యాయమునకు అతుల్యగోత్రీయ మని పేరు. కాని గోత్రము తండ్రివెంట మాత్రమే నడచును. మేనమామ గోత్రము వేఱు, రక్తము మాత్ర మొక్కటి. మేనమామ కుమార్తెను పెండ్లాడుట దక్షిణదేశాచారమని బౌధాయనుడు పేర్కొనెను. 1955 నాటి హిందూవివాహచట్టమును ఆచారమున్నచోట దానిని త్రోసిపుచ్చలేదు. జన్యువు మాత్ర మీ రెండింటిని లెక్కచేయదు. బయటి సంబంధములందును ఈ వ్యాధి కలుగవచ్చును; మేనరికమున నా యవకాశము హెచ్చు.

నే నెఱిగిన యొక తండ్రి కలడు. రొయ్యలచెరువులు గలవాడు. కుమారుని వణకును రెండేండ్లు దాచెను. కూతురికి సంబంధము రాదేమో యని! బెంగుళూరు నిమ్హాన్సుకు పొమ్మన్నచో "పిచ్చాసుపత్రికా?" యని మండిపడెను. అది నాడీవ్యాధులకును పేరొందిన సంస్థ యని నచ్చజెప్పుటకు నెల పట్టినది. అచ్చట కంటిపరీక్షతో, రక్తమూత్రపరీక్షలతో వ్యాధి తేలెను.

మందు మొదలిడిన తొలివారములలో వణకు హెచ్చెను. కొందఱి కట్లగుట కలదు. తామై మానరాదు, వైద్యునితో చెప్పవలెను. తండ్రి మాన్పింప జూచెను, తల్లి యొప్పుకొనలేదు. తెల్లవాఱుజామున చెరువుకు పోవుటకు ముందు తండ్రియే పరగడుపున మాత్ర మ్రింగించును. పీతలలో రాగి హెచ్చు గావున ఇంటిల్లిపాది పీతలపులుసు మానిరి. వాడు చూచుచుండగా తినుట తల్లికి రుచింపలేదట. రాగిచెంబు అటక యెక్కినది. పెక్కు మాసములకు వాడు అన్నము తానే కలుపుకొని తినగలిగెను. వ్రాత పూర్వమువలె లేదు గాని చదువవచ్చును. మందు జీవితాంతము కావలెను; బాగుపడితి నని మానినచో కాలేయము చెడి ప్రాణము పోవచ్చును.

తోబుట్టువులను గూడ పరీక్షింపవలె నని వైద్యులు పట్టుబట్టిరి. ఏ లక్షణమును లేని యా కూతురికిని వ్యాధి యున్నట్లు తేలెను. దాచిన రెండేండ్లును ఆమె రెండేండ్లు గూడను! నేడామె మందు పుచ్చుకొనుచు, చేయి వణకక, కళాశాలలో చదువుచున్నది. ఆ కుటుంబ మీ సభలో నున్నదో లేదో నేను చెప్పను.

ఈ పందిటిలోనే పెండ్లిమాటలు నడచును గదా. వ్యాధి చెప్పుకొన్న యింటిని వెలివేసినట్లు చూచినచో ఇక నెవ్వరును చెప్పుకొనరు. సంఘనిధినుండి ఇట్టి బిడ్డలకును, వారి తోబుట్టువులకును బెంగుళూరు ప్రయాణవ్యయము ఇచ్చుటకును, పేర్లు కార్యదర్శిగారి పుస్తకము దాటకుండుటకును నొక తీర్మానము చేయవలె నని ప్రార్థించుచున్నాను.