ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరులో మెత్తని నాదము
(సంఘపు వారాంత సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

మన సంఘసభ్యులు పలువురు కొంతకాలముగా మమ్మొక ప్రశ్న అడుగుచున్నారు. "ఇంటిలో స్టీరియో పెట్టుకొనదలచితిమి. వాల్వు ఆంప్లిఫయరు కొనుటకు శక్తి చాలదు. కొనినను వాల్వు పోయినచో మరల దొరకుట కష్టము. కనుక ట్రాన్సిస్టరుదే కొనవలెను. కాని పాత రేడియోలో వినిన ఆ మెత్తని, వెచ్చని గొంతు దానిలో పలుకునా?"

ఇది విలాసవస్తువును గూర్చిన ప్రశ్న మాత్రమే కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడి, బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది మొదలు, ఇచ్చటి తెలుగు ఇండ్ల పిల్లలలో చాలమంది తెలుగును చెవితోనే నేర్చుకొనుచున్నారు. బడిచదువు కన్నడములోనో ఇంగ్లీషులోనో సాగును. ఇంట తాతగారు పెట్టిన పద్యము, అమ్మమ్మగారు వినెడి కీర్తన, ఇవే వారికి వాచకములు. చెవికి ఏది సోకునో నాలుక దానినే పట్టును. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును, కోలాచలము శ్రీనివాసరావుగారును నాటకములు ఆడించిన ఊరు మనది. ఆనాటి రంగస్థలమున మైకు లేదు, లౌడుస్పీకరు లేదు. అక్షరము చివరి వరుసవరకు చేరవలెనన్నచో నటుని గొంతే ఆధారము. అట్టి ఊరిలో ఆంప్లిఫయరును ఎన్నుకొనునపుడు మెత్తదనము ఒక్కటియే చూచిన చాలదు. స, శ, షలు విడివిడిగా వినబడునా, ఒత్తులు నిలుచునా యని కూడ చూడవలెను.

పాత రేడియో మెత్తదనము ఎక్కడిది? మీడియం వేవు రేడియోలలో సెకండునకు సుమారు ఐదువేల కంపనములకు పైబడిన ధ్వని చాలవరకు వడకట్టబడి పోయెడిది. చెక్కపెట్టె కొంత మ్రోగెడిది. స్పీకరు ఒక్కటియే. మనమెంతో ఇష్టపడిన ఆ వెచ్చదనములో చాలభాగము వాల్వుది కాదు, ఆ వడకట్టుదే. శకారము మొనదేలిన ధ్వని ఆ పైభాగముననే ఉండును గనుక, పెద్దలు దానిని మనసులో పూరించుకొని వినిరి. భాష ఎరుగని పిల్లవానికి పూరించుకొను సామగ్రి ఏది?

ఇక వాల్వుది కానేకాదా అనిన, కొంత ఉన్నది. తంబురా తంత్రిని మీటినపుడు షడ్జముతోపాటు అనుస్వరములు పుట్టునని సంగీతజ్ఞులెరుగుదురు. రెండవ అనుస్వరము పైస్థాయి షడ్జము, మూడవది ఆ పైస్థాయి పంచమము, ఐదవది గాంధారము. ఏడవది మన స్వరస్థానములలో దేనికిని సరిగా ఒదగదు. సాధారణ వాల్వు రేడియో తాను కలిపెడి వక్రతను ఎక్కువగా రెండవ అనుస్వర రూపముననే కలుపును. అది చెవికి తప్పుగా తోచదు, నిండుదనముగా తోచును. నాసిరకపు ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు కలుపునది బేసి అనుస్వరములను, అందులోను పైవానిని. అందుచే కరకుదనము.

కారణము సులభమే. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టినది. బార్డీన్, బ్రాటెయిన్, షాక్లీలకు 1956లో నోబెలు బహుమతి వచ్చినది. తదుపరి వచ్చిన ఆంప్లిఫయరులు చాలవరకు రెండు ట్రాన్సిస్టరుల చేత పని పంచి చేయించెను: తరంగపు పైసగము ఒకదానిది, క్రిందిసగము మరొకదానిది. పల్లకిని ఒక బోయీ భుజమునుండి మరియొక బోయీ భుజమునకు మార్చునపుడు కుదుపు కలుగునట్లు, ఈ చేతులు మారుచోట ఒక కుదుపు కలుగును. పెద్దశబ్దములో అది మరుగుపడును. రాత్రివేళ చిన్నగా పెట్టుకొని వినునపుడే బయటపడును. 1960లలోని తొలి యంత్రములు సంపాదించిన చెడ్డపేరు నేటికిని కొందరి నోట మిగిలియున్నది. నేటి యంత్రములకు అది పూర్తిగా చెల్లదు.

భుజము మార్చకనే మోయించు పద్ధతిని 'క్లాస్ ఏ' అందురు. 1969 ఏప్రిల్ 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో జాన్ లిన్స్‌లీ హుడ్ ప్రకటించిన పదివాట్ల క్లాస్ ఏ నమూనాను నేటికిని ఇంట కట్టుకొనువారున్నారు. నాదము మనోహరమే. కాని సభాసదులారా, మన ఊరి వేసవిని మరువరాదు! ఒక్కొక్క ప్రక్కకు ఇరువదియైదు వాట్ల క్లాస్ ఏ యంత్రము పాడినను పాడకున్నను రెండువందల వాట్లవరకు త్రాగును. సాయంకాలము నాలుగు గంటలు వినిన నెలకు ఇరువదినాలుగు యూనిట్లు. ఆ శక్తియంతయు గదిలో వేడిగనే మిగులును. మే నెలలో బళ్లారిలో కుంపటి ముందు కూర్చుండి త్యాగరాజకృతి వినుటకు మేము సలహా ఈయజాలము. వెచ్చని నాదము కోరినాముగాని వెచ్చని గది కోరలేదు.

మధ్యేమార్గము 'క్లాస్ ఏబీ'. తొలి వాట్లలో రెండు ట్రాన్సిస్టరులును కలిసి మోయును. పెద్ద శబ్దము వచ్చినపుడే పంచుకొనును. మనము వినెడిది ఆ తొలి వాట్లలోనే. ఒక వాటుకు ఒక మీటరు దూరమున 87 డెసిబెలులిచ్చు స్పీకరుతో ఇంటి గదిలో సగటున ఒక వాటు మించి అరుదుగా వాడుదుము. వాట్లు రెట్టింపైనను హెచ్చునది మూడు డెసిబెలులే. కనుక అంగడిలో పెట్టెపై వ్రాసిన వేయివాట్ల మాటను చెవిని పెట్టకుడు. 1978లో వచ్చిన నాడ్ 3020 ఇరువది వాట్లదే. దాని మెత్తని, నిండు నాదమును ఇప్పటికిని తలచుకొనుచున్నారు. అట్టి పాతయంత్రము చేతికి వచ్చినచో, ఎండిపోయిన కెపాసిటరులను మార్పించు ఖర్చును ధరలో కలుపుకొని లెక్కవేయుడు.

మరియొక రహస్యము. 1985లో అమెరికాలో బాబ్ కార్వర్ అను ఇంజనీరు, ఒక ఖరీదైన వాల్వు ఆంప్లిఫయరు నాదమును తన ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరులో రప్పింతునని పందెము కట్టెను. 'స్టీరియోఫైల్' పత్రికవారు రెండింటిని విని భేదము చెప్పలేకపోయిరి. అతడు సవరించినవానిలో ముఖ్యమైనది ఆంప్లిఫయరు స్పీకరును పట్టుకొను పట్టు. ట్రాన్సిస్టరు గట్టిగా పట్టును. వాల్వు కొంత వదులుగా పట్టును. వదులుపట్టులో స్పీకరు సహజముగా ఊగెడి మంద్రస్థాయి కొంచెము పొంగును. స్పీకరు తీగలో పదివాట్లు తట్టుకొను ఒక ఓము నిరోధకమును చేర్చి ఈ పొంగును చవిచూడవచ్చును. ఖర్చు కొద్ది రూపాయలే. నచ్చనిచో తీసివేయుడు.

అన్నిటికన్న పెద్ద కరకుదనము మన గదులది. బండలు పరచిన నేల, నునుపైన గోడలు. ప్రతి సకారము నాలుగు దిక్కులనుండి తిరిగివచ్చును. నేలపై జంపఖానా పరచి, స్పీకరుల వెనుక గోడకు మన సీమ కంబళి ఒకటి వ్రేలాడదీయుడు. పిమ్మట ఆంప్లిఫయరును నిందింపుడు.

కొనునపుడు మీరెరిగిన రికార్డునే అంగడికి తీసికొనిపొండు. ఘంటసాలగారి పద్యమైనను, స్త్రీకంఠమైనను సరే. రెండు యంత్రములను పోల్చునపుడు రెండింటి బిగ్గరతనము సమానముగా ఉండవలెను. లేనిచో బిగ్గరగా పలికినదే మంచిదని చెవి మోసపోవును. మొదట చిన్నశబ్దముతో వినుడు. వీలైనచో ఇంటి చిన్నవానిని వెంటబెట్టుకొనిపోయి, వినిన మాటను తిరిగి పలుకుమనుడు. అంతకన్న మంచి కొలసాధనము మేమెరుగము. గంటసేపు నడచిన పిదప హీట్ సింకుపై చేయి నిలుచునా చూడుడు. స్పీకరును కాపాడు రిలే ఉన్నదా అడుగుడు. ట్రాన్సిస్టరు చెడినపుడు స్పీకరు కాలకుండ ఆపునది అదియే. వోల్టేజి ఎగిరిపడు వీధులలోనివారు స్టెబిలైజరు ధరను కూడ ముందే కలుపుకొనవలెను.

వచ్చు ఆదివారము సాయంకాలము సంఘపుగదిలో తెరవెనుక రెండు ఆంప్లిఫయరులను ఉంచెదము. ఏది ఏదియో ముందుగా చెప్పము. సభ్యులు తమ రికార్డులను తెచ్చుకొనవలెను. పిల్లలను తప్పక తీసికొనిరావలెను. రికార్డులు ధూళి తుడిచి తెచ్చిన మేలు.