వృథాగా పోతున్న గ్యాసు ప్రెషరు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఖాళీ గదిలో తిరిగే ఫ్యానును చూస్తే మనమందరమూ స్విచ్చి ఆపుతాము. అది కంటికి కనబడే వృథా. కనబడని వృథా ఒకదానిని గూర్చి నాలుగు మాటలు చెప్పాలని మా కోరిక.

కాకినాడ దగ్గర గాడిమొగ నుండి గుజరాత్‌లోని భరూచ్ వరకు, మన ప్రాంతం మీదుగా, సహజవాయువు పైపులైను 2009లో వచ్చింది. అంత దూరం గ్యాసు దానంతట అది నడవదు. దారిలో కంప్రెసర్లు పెట్టి నెడతారు. పెద్ద పైపులైన్లలో ప్రెషరు 40 నుండి 90 బార్ల దాకా వుంటుంది. మన వంటింటి పొయ్యికి కావలసినది 21 మిల్లీబార్లే! అందుచేత ఊరి వెలుపల స్టేషన్లలో వాల్వులు పెట్టి, మెట్టు మెట్టుగా ప్రెషరు తగ్గిస్తారు. ఖర్చు పెట్టి ఎక్కించిన ప్రెషరు అక్కడ బుస్సుమని పోతుంది. అటువంటి స్టేషనులో వాల్వు దాటిన పైపు మీద మేము చెయ్యి పెట్టి చూశాము. చల్లగా, నీటి బిందువులతో వుంది.

దీనికి మందు వుంది. వాల్వుకు బదులు టర్బైను పెడితే, గ్యాసు దానిని తిప్పుకుంటూ దిగుతుంది. జనరేటరు కరెంటు ఇస్తుంది. కాలువ డ్రాపు దగ్గర నీటితో కరెంటు తీసినట్లే అన్న మాట. గంటకు పదివేల ఘనపు మీటర్ల గ్యాసు 40 బార్ల నుండి 10 బార్లకు దిగితే, మా లెక్క ప్రకారం సుమారు 300 కిలోవాట్లు వస్తాయి.

అయితే ఇది ఉచితం అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. పని చేసిన గ్యాసు విపరీతంగా చల్లబడుతుంది. పైన చెప్పిన లెక్కలో అరవై డిగ్రీల దాకా పడిపోతుంది. గ్యాసులో తేమ వుంటే మంచులా గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది. కాబట్టి ముందే గ్యాసును వేడి చేయాలి. ఆ వేడికి ఖర్చు వుంది. ఇక్కడే అసలు విశేషం: బొగ్గు స్టేషనులో వేడిలో సుమారు మూడో వంతే కరెంటు అవుతుంది. ఇక్కడ ఇచ్చిన వేడిలో చాలా భాగం కరెంటుగా తిరిగి వస్తుంది. ప్రెషరు చేసే ఉపకారం అది. పక్క ఫ్యాక్టరీలో పారబోసే వేడి దొరికితే మరీ లాభం.

కెనడాలోని టొరంటోలో 2008లో ఎన్‌బ్రిడ్జ్ సంస్థ ఇదే చేసింది. ఒక మెగావాటు టర్బైనుకు తోడు 1.2 మెగావాట్ల ఫ్యూయల్ సెల్ పెట్టి, దాని వేడితోనే గ్యాసును కాచింది.

చిన్న స్టేషన్లకు ఇది గిట్టదు. వాడకం రాత్రి తగ్గి, పొద్దున పెరిగే చోట టర్బైను సగం కాలం ఊరికే వుంటుంది. రోజంతా ఒకే తీరున గ్యాసు వాడే ఎరువుల, విద్యుత్ కర్మాగారాల దగ్గర పెట్టడం మంచిది. పాత వాల్వును పక్కనే వుంచాలి; టర్బైను ఆగినా మన పొయ్యి ఆరకూడదు కదా! స్టేషను కట్టేటప్పుడే ఇందుకు చోటు వదిలితే ఖర్చు తక్కువ. కట్టిన తరువాత పైపులు కోసి చేర్చడం కష్టం.

పాలిటెక్నిక్‌లో, ఐటిఐలో చదువుతున్న మన పిల్లలకు ఒక్క మాట. వాల్వు దగ్గర బుస వినబడితే పక్కకు తప్పుకొని పోవద్దు. గంటకు గ్యాసు ఎంత, ప్రెషరు ఎంత, పక్కన వేడి ఎక్కడ దొరుకుతుంది, ఈ మూడూ అడిగి, లెక్క వేసి, మీ మాస్టర్లకు చూపించండి. ఆ బుసలో కరెంటు వున్నది.