ఎవరు కట్టిరి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములనుండి శతాబ్ది సంచికకు వ్యాసములు వ్రాయువారు ఇచ్చట కూడియున్నారు గనుక వ్యాకరణమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు నన్ను కోరిరి. వ్యాకరణమనగానే కొందరి ముఖములు వాడిపోయెను. భయము వద్దు, సంధిసూత్రములు అప్పగించుమని నేను అడుగను.

మన ప్రాంతమునకు ఈ పని క్రొత్త కాదు. 1863లో మదనపల్లెకు వచ్చిన డాక్టరు జేకబ్ ఛాంబర్లేన్ గారు ఒకవైపు రోగులను చూచుచునే, 1873 మొదలు 1894 వరకు తెలుగు బైబిలు సవరణ కమిటీకి అధ్యక్షులుగా ఉండిరి. ఒక్క గ్రంథముమీద ఇరువదియొక సంవత్సరములు! మనము వ్రాసిన రెండు పుటలను మరల ఒకసారి చదువుటకు మనకు ఓపిక ఉండదు.

మొదట విరామచిహ్నములు. తాటాకు గ్రంథములలో కామా లేదు, మాటకు మాటకు నడుమ ఎడమును లేదు. అవి అచ్చుతో వచ్చినవి. గ్రీకు పాత ప్రతులును దాదాపు అట్టివే. లూకా 23:43లో ప్రభువు సిలువమీది దొంగతో పలికిన "నేడు" అను మాట చెప్పుటకు చేరునా, పరదైసులో ఉండుటకు చేరునా అని వాదించువారు నేటికిని కలరు. కామా ఎటు జరిగిన, అర్థము అటు జరుగును. మన అనువాదకులు ఆ మాటను వాగ్దానము లోపలనే ఉంచిరి.

అయితే తెలుగులో కామాకంటె మాటల వరుస ముఖ్యము. "క్రొత్త సంఘ కార్యదర్శి" అని వ్రాయుదుము. క్రొత్తది సంఘమా, కార్యదర్శియా? "సంఘమునకు క్రొత్త కార్యదర్శి" అనిన చాలును. వాక్యము అరపుట సాగినచో బిగ్గరగా చదివి, ఊపిరి ఆగినచోట చుక్క పెట్టుడి. మన సంచికను మనుమడు చదువగా వినువారు చాల ఇండ్లలో ఉన్నారు.

ఇక నేను ముఖ్యముగా చెప్పవలసినది "బడు" అను చిన్న మాటను గూర్చి. "స్థలము కొనబడెను, బావి త్రవ్వబడెను" – మన సంఘ చరిత్రలు ఇట్లే నడచును. ఇంటిలో "సంగటి వండబడెను" అని ఎవరైన అందురా? "అవ్వ సంగటి చేసింది" అందురు. ఇంగ్లీషు రిపోర్టులను తెలుగు చేసి చేసి మనకు ఈ అలవాటు ముదిరినది.

బైబిలులో "బడు" లేదా అని మీరడుగుదురు. ఉన్నది. కొండమీది ప్రసంగములో దుఃఖించువారు ఓదార్చబడుదురు. ఓదార్చువాడు దేవుడు, ఆయన నామమును పలుకుటకు జంకిన యూదులు అట్లు మాటలాడిరని పండితులు చెప్పుదురు. అచ్చట మాట వెనుక ఉన్నవాడు దేవుడు. మన చరిత్రలలో ఉన్నదెవరు? ఒక వ్యాసము ఇట్లుండుననుకొందము: "దొరగారు పునాదిరాయి వేసిరి. గోడలు కట్టబడెను." దొరగారికి కర్తృపదము దొరికినది. ఒక రాయి వేసినవారు వాక్యములో నిలిచిరి, తక్కిన రాళ్లన్నియు మోసినవారు మాయమైరి! మన సంఘములు ఎక్కువగా దళితవాడలలో పుట్టినవి. ఆనాటి కూలి వదులుకొని వచ్చినవారెవరో "బడెను" చెప్పదు. "గోడలు ఆ పల్లెవారు కట్టిరి, ఆడవారు సున్నము మోసిరి" అని వ్రాసి చూడుడి. వెంటనే "ఏ ఆడవారు?" అను ప్రశ్న లేచును.

మరియొక మాట. మడకను నాగలిగా, ఎనుమును గేదెగా మార్చవద్దు. కుప్పము వారి మాటలలో తమిళము, కన్నడము కలిసినను సిగ్గు అక్కరలేదు. వాడుక భాషకై పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టినదియు ఆ 1863లోనే. నావలె బైబిలు తెలుగు అలవాటైనవారు దానిలోనే వ్రాయుడి, యౌవనులు వాడుకలో వ్రాయుడి. ఒకే పేరాలో "వచ్చెను", "వచ్చినాడు" కలుపవద్దు.

వ్యాసము ముగించిన తరువాత ప్రతి "బడెను" క్రింద పెన్సిలుతో గీత గీచి, అంచున "ఎవరు?" అని వ్రాయుడి. ఆ కాగితముతో ఊరిలోని వృద్ధులయొద్దకు, మొదట అవ్వలయొద్దకు, వెళ్లుడి. సున్నము మోసినవారి పేర్లు వారికి జ్ఞాపకముండును. వారు పలికినట్లే వ్రాసికొనుడి. ఎంకటమ్మను వేంకటమ్మగా దిద్దవద్దు.