మిఠాయి, మెదడు, మన తెలుగు
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



మా తాతగారు విశాఖపట్నం జిల్లా నుండి మలయాకు వచ్చి, తోటలో రబ్బరు చెట్లు గీసి పాలు తీశారు. నేను మూడో తరం వాణ్ణి. ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు మాస్టరుగా పని చేశాను. తెలుగు అక్షరాలు మాత్రం సాయంకాలపు తరగతిలోనే నేర్చుకున్నాను. ఇప్పుడు అటువంటి తరగతిలోనే పిల్లలకు నేర్పుతున్నాను. నా భాషలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఈ రోజు నేను చేసిన ఒక పొరపాటును గూర్చి చెబుతాను.

పిల్లలు తరగతికి రావాలని ప్రతి శుక్రవారం అందరికీ ఒక్కొక్క మిఠాయి ఇచ్చేవాణ్ణి. మొదటి నెల వాళ్ళ సంతోషం ఇంతా అంతా కాదు. మూడో నెలకు చూడకుండానే జేబులో వేసుకునేవారు. ఒక శుక్రవారం నేను కొనడం మరచిపోయాను. ముఖాలన్నీ ముడుచుకున్నాయి. మరుసటి వారం ఇరవై మందిలో ఎనిమిది మందే వచ్చారు.

ఎందుకిలా జరిగింది? జవాబు నాకు సైన్సు పుస్తకాలలో దొరికింది.

మన మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంది. ఇది నరాల కణాల మధ్య వార్తలు మోస్తుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1950లలో చూపించారు. 2000లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మెదడులో సుమారు 8,600 కోట్ల నరకణాలుంటే, డోపమైన్ తయారుచేసేవి ముఖ్యంగా మెదడు నడిమి భాగంలో కొన్ని లక్షలే. కూరలో ఉప్పు వంటివన్నమాట.

డోపమైన్ అంటే సంతోషమిచ్చే రసాయనమని చాలామంది అంటారు. అంతమాత్రమే కాదు. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రజ్ఞుడు కోతులకు దీపం వెలిగించి, ఆ తరువాత పండ్లరసం ఇచ్చి చూశారు. మొదట్లో రసం అనుకోకుండా దొరికినప్పుడు ఈ కణాలు గట్టిగా పలికాయి. అలవాటయ్యాక దీపం వెలగగానే పలికాయి, రసం వచ్చినప్పుడు ఊరుకున్నాయి. దీపం వెలిగి రసం రాకపోతే, సరిగ్గా అది రావలసిన క్షణంలో వాటి పలుకు తగ్గిపోయింది. 1997లో షుల్ట్జ్, పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్ కలిసి దీని అర్థం వివరించారు. అనుకున్నదానికీ దొరికినదానికీ ఉన్న తేడాయే ఆ కణాలు చెప్పే వార్త. అనుకున్నదానికన్నా మేలు జరిగితే, అంతకు కొద్ది క్షణాల ముందు పని చేసిన నరాల లంకెలు గట్టిపడతాయి. తేడా లేకపోతే కొత్తగా నేర్చుకునేదీ లేదు.

నా మిఠాయి పిల్లలకు వారం జీతమైపోయింది. ఇస్తే విశేషం లేదు, ఇవ్వకపోతే నష్టం. పైగా అది ఏ అక్షరానికీ ఇచ్చింది కాదు, వచ్చి కూర్చున్నందుకు ఇచ్చింది.

కోతిని చూసి పిల్లలకు పాఠం చెప్పడం సులభం కాదని నాకూ తెలుసు. అయితే మనుషుల మెదడు చిత్రాలలో కూడా ఇటువంటి గుర్తులే కనిపించాయి. అందుచేత మిఠాయి మానేశాను. ఒక బిడ్డ కష్టమైన మాట చదవగానే, అప్పుడే, ఏది బాగా చదివిందో చెప్పడం మొదలుపెట్టాను.

ఒకనాడు ఒక అమ్మాయి ఇంట్లో దొరికిన పాత ఉత్తరం తెచ్చింది. కూడబలుక్కుంటూ అందులోని ఊరి పేరు తానే చదివింది. తీసుకువెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ అవ్వ, "అది మా నాయన ఊరే తల్లీ!" అని కంట నీరు పెట్టుకుంది. ఆ పిల్ల ముఖం చూడాలి! మరుసటి శుక్రవారం అందరికన్నా ముందు వచ్చింది, చేతిలో ఇంకొక ఉత్తరంతో.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఏడాది చివర ఇచ్చే కప్పు చాలా దూరం. ఈ రాత్రి అన్నం దగ్గర మీ బిడ్డ ఒక తెలుగు మాట అంటే, ఆ క్షణమే మీ సంతోషం చూపించండి. తెలుగు నాలుగో తరానికి దక్కేది అక్కడే.