సోమరితనము కాదు
(స్త్రీల మైత్రి, పురుషుల సహవాసము వారి ఉమ్మడి కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతాబ్ది కూడికలలో మన గుడులు కట్టినవారిని గూర్చి, బడులు పెట్టినవారిని గూర్చి చాలా విన్నాము. నేను మాత్రము గుడికి రానివారిని గూర్చి, అందులోనూ ఒక వ్యాధి మూలముగా రాలేనివారిని గూర్చి మాట్లాడదలచాను. ఆ వ్యాధి పేరు స్కిజోఫ్రేనియా.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. నేను పూర్వము పనిచేసిన ఒక పాస్టరేటులో ఒక యువకుడు క్వయర్‌లో పాడేవాడు. మంచి గొంతు. జబ్బుపడి, ఆస్పత్రిలో ఉండి, చెవిలో వినబడే స్వరములు తగ్గి ఇంటికి వచ్చాడు. అందరము దేవునికి స్తోత్రము చెప్పాము. కాని అతడు గుడికి రాలేదు. మధ్యాహ్నము దాకా మంచము దిగడు. స్నానము చేయమంటే చేయడు. పలకరిస్తే ఒక్క మాట, అంతే. "అయ్యగారూ, మీరైనా నాలుగు మాటలు చెప్పండి" అని వాళ్ల అమ్మ నన్ను పిలిచింది. నేను వెళ్లి, సామెతల గ్రంథములో చీమను, సోమరిని గూర్చిన భాగము చదివి, గట్టిగానే బుద్ధి చెప్పి వచ్చాను. అతడు తల వంచుకొని విన్నాడు. ఆ తరువాత నేను వెళ్తే గదిలోనుండి బయటకే రాలేదు.

వేదాంత కళాశాలలో నాకు గ్రీకు నేర్పారు, ఇది నేర్పలేదు. తరువాత తెలిసికొన్నాను. 1908లో ఈ వ్యాధికి ఈ పేరు పెట్టిన స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్, మనము భయపడే స్వరముల కంటె, మనస్సు ముడుచుకొని మనుష్యులనుండి తొలగిపోవుట వంటివే వ్యాధికి మూల లక్షణములని తలచాడు. 1952 మొదలు వచ్చిన మందులు స్వరములను చాలామందిలో అణచగలుగుతున్నవి. ఈ నిరాసక్తతను మాత్రము అంతగా కదిలించలేకపోతున్నవి. ఒక్కొక్కసారి మందుల మగత, దిగులు కూడ ఇలాగే కనబడతాయి. కాబట్టి మాత్రలు మీరే ఆపక డాక్టరుగారికి చెప్పండి. ఉపవాస ప్రార్థన చేయండి, మాత్రా వేయండి. రెంటికీ పోట్లాట లేదు.

ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరచింది. వీరిలో చాలామందికి ఎదుట ఉన్న మేలు రుచిస్తుందని పరిశోధకులు కనుగొన్నారు. పాట వింటే బాగుంటుంది, విందులో కూర్చుంటే బాగుంటుంది. రేపు అది దొరుకుతుందనే ఆశ ముందుగా పుట్టి కాళ్లను కదిలించదు. మనము ఆదివారము ఉదయము లేచేది ఆ ఆశతోనే గదా! "వస్తే సంతోషిస్తావు బాబూ" అనే మన మాట అందుకే పనిచేయదు. కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చారు. నడిచి రమ్మని కబురు పంపలేదు.

లండనులో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు 1950లలో ఆరంభించిన పరిశీలనలలో, ఎప్పుడూ తప్పుపట్టే ఇండ్లలో వ్యాధి తిరగబెట్టుట ఎక్కువగా కనబడింది. తల్లిదండ్రుల వలన వ్యాధి వచ్చిందని దీని భావము కాదు. ఇంటివారు అలసిపోతారు. అలసినప్పుడు నోరు ఊరుకోదు. నాది అలసట కూడ కాదు, అజ్ఞానము.

ఆ తల్లికి, ఆ బిడ్డకు క్షమాపణ చెప్పుటకు నాకు కొన్ని నెలలు పట్టింది. ఈలోగా మా సంఘములో రిటైరైన డ్రైవరు ఒకాయన, నన్ను అడగకుండానే, ప్రతి ఆదివారము ఏడు గంటలకు ఆ ఇంటికి వెళ్లి అతనిని సైకిలు వెనుక కూర్చోబెట్టుకొని వచ్చేవాడు. ప్రసంగము వినమనలేదు. చాపలు పరచమన్నాడు, కీర్తనల పుస్తకములు సర్దమన్నాడు. మొదట్లో సగము వారాలు ఖాళీ సైకిలే వచ్చేది. ఆయన మరుసటి ఆదివారము మరల వెళ్లేవాడు. అతడు మరల క్వయర్‌లో పాడలేదు. చాపలు మాత్రము వరుస తప్పకుండ పరిచేవాడు.

మన పాస్టరేటులో అటువంటి ఇండ్లు నాకు తెలిసినవే మూడున్నవి. వైద్యము సంగతి తెలియనివారికి టెలిమానస్ వారి నెంబరు 14416 చెప్పండి. ఏ ఆదివారము ఏ ఇంటికి ఎవరు వెళతారో, టీ తాగి లేచేలోగా సెక్రటరీగారికి పేర్లు ఇవ్వండి. మొదటి పేరు నాది వ్రాయండి.