నక్షత్రాన్ని అప్పుడే దింపకండి



వచ్చే వారం మీకు సెలవులు. మీలో క్రిస్మసు పండుగ చేసుకునే ఇళ్ళవారున్నారు. పండుగ తమది కాకపోయినా ఇంట్లో దీపాల చెట్టు పెట్టుకునేవారూ ఉన్నారు. ఇద్దరికీ పనికివచ్చే సంగతి ఒకటి ఈనాడు చెబుతాను.

మన కెనడాలో డిసెంబరు 26వ తేదీన వీధిలోకి తొంగి చూడండి. నెల రోజులు ఎదురుచూసిన పండుగ ఒక్క రాత్రిలో అయిపోయినట్లుంటుంది. అంగళ్ళలో అలంకరణ సామాను సగం ధరకు అమ్ముతుంటారు. ఎవరి ఇంటి ముందో చెట్టు అప్పుడే మంచులో పడి ఉంటుంది. కాని పూర్వపు లెక్క ప్రకారం అది పండుగలో రెండో రోజు మాత్రమే! డిసెంబరు 25 మొదలు జనవరి 5 వరకు పన్నెండు రోజులూ క్రిస్మసే. ఆ మర్నాడు, జనవరి 6న, తూర్పు దేశపు జ్ఞానులు శిశువును దర్శించిన పండుగ. ఆలస్యంగా వచ్చినవారి పండుగ అది అని నేననుకుంటాను.

న్యూఫౌండ్లాండ్ దీవిలో ఈ పన్నెండు రోజుల్లో ఒక వేడుక జరుగుతుంది. పెద్దవాళ్ళు పాత బట్టలు తొడుక్కొని, ముఖానికి గుడ్డ కప్పుకొని, గొంతు మార్చి ఇరుగుపొరుగు తలుపులు తడతారు. ఇంటివారు వాళ్ళెవరో కనిపెట్టాలి. కనిపెడితే ముసుగు తీసి, కేకు తిని, కబుర్లు చెప్పుకుంటారు. మన పగటివేషాలు గుర్తుకు వస్తున్నాయి కదూ! ముసుగులో కొందరు అల్లర్లు చేయడంతో 1861లో ప్రభుత్వం దీనిని నిషేధించింది. అయినా పల్లెల్లో ఆ వేడుక చావలేదు.

క్విబెక్‌లో జనవరి 6న కేకులో ఒక చిక్కుడు గింజ దాచి కాలుస్తారు. ఆ గింజ ఎవరి ముక్కలో వస్తే వారు ఆ పూటకు రాజు.

ఇక మానిటోబా, సస్కాచువాన్, ఆల్బర్టా మైదానాల సంగతి. 1891 నుంచి అక్కడికి ఉక్రెయిన్ రైతులు వలస వచ్చారు. వాళ్ళ చర్చిల పాత పంచాంగం ఇప్పుడు మన క్యాలెండరు కంటే 13 రోజులు వెనుక నడుస్తుంది. అందుచేత వారికి క్రిస్మసు జనవరి 7న వచ్చేది. ఉక్రెయిన్ దేశం 2023లో ఆ సెలవును డిసెంబరు 25కు మార్చుకున్నా, ఇక్కడ పాత తేదీని విడవని కుటుంబాలున్నాయి. ముందురోజు సాయంత్రం పిల్లలు కిటికీ దగ్గర నిలబడి మొదటి చుక్క కోసం చూస్తారు. చుక్క పొడిచాక మాంసం లేని పన్నెండు వంటకాలతో భోజనం. ఉడికించిన గోధుమల్లో తేనె, గసగసాలు కలిపినది అందులో ముఖ్యమైనది. చాలా ఇళ్ళలో బల్ల మీద ఒక పళ్ళెం ఎక్కువగా పెడతారు. అది రాలేనివారికోసం.

ఆ పళ్ళెం గురించి కొంచెం ఆలోచించండి. మీలో ఒకరి అమ్మ ఆసుపత్రిలో నర్సు, ఇంకొకరి నాన్న బస్సు నడుపుతారు. 25వ తేదీన వాళ్ళకు సెలవు దొరకకపోవచ్చు. వాళ్ళు ఇంటికి వచ్చేసరికి మీరు దీపాలు తీసి పెట్టెలో సర్దేస్తే వాళ్ళకు పండుగ ఏది? ఆంధ్రదేశం నుంచి కొత్తగా వచ్చిన అమ్మమ్మ సంగతి? సాయంత్రం అయిదు కాకముందే చీకటి, బయట మంచు. ఆమెను పలకరించేవారు 25న అందరూ ఒక్కసారే వచ్చిపోతే తక్కిన రోజులు ఎలా గడుస్తాయి?

కనుక ఒక కానుక విప్పకుండా ఉంచండి. కొన్ని అరిసెలు డబ్బాలో దాచండి; పాకం పట్టి నూనెలో వేయించినవి కనుక అంత త్వరగా చెడవు. ఏ రోజు ఎవరిని పిలవాలో అమ్మతో కలిసి చీటీ రాయండి. ఒంటరిగా చదువుకునే అన్నయ్యలు, అక్కయ్యలు మన ఊళ్ళో ఎంతమందో!

చెట్టు నిజమైనదైతే ఒక జాగ్రత్త. రోజూ మొదలు తడిసేలా నీళ్ళు పోయాలి. ఒకసారి ఎండితే కోసినచోట బంక కట్టి మళ్ళీ నీరు పీల్చదు. తాకగానే ఆకులు రాలుతుంటే ఆ చెట్టును ఇంట్లో ఉంచవద్దు, నిప్పు తొందరగా అంటుకుంటుంది. అప్పుడు చెట్టు పోయినా కిటికీలో కాగితపు నక్షత్రం ఉండనివ్వండి. దాన్ని 6న దింపితే, మరో వారానికి భోగి.

సెలవుల తరువాత వచ్చేటప్పుడు, మీ ఇంటికి అందరికంటే చివరగా ఎవరు వచ్చారో, ఏం పెట్టారో తెలుగులో పది వాక్యాలు రాసి తీసుకురండి.