పొరుగుసీమ కోర్టు పిలుపు



మన వెంకటగిరికోటకు ఒకవంక కర్ణాటకము, మరియొకవంక తమిళనాడు. కూరగాయలు, పట్టుగూళ్లు, అప్పులు, వియ్యములు ఎల్లలను లెక్కింపక సాగుచుండును. వాటి వెంబడి తగవులును ఎల్ల దాటును. ఒకనాడు కోలారు కోర్టునుండి కన్నడములో సమను వచ్చును. “మనది ఆంధ్రప్రదేశ్, ఆ కోర్టునకు మనపై నేమి అధికారము?” అని కొందరు దానిని చూరులో దోపి యూరకుందురు. బడిపంతులుగా నుండినందున అట్టి కాగితములు చదివిపెట్టుమని నా కడకు వచ్చువారు కలరు. వారికి చెప్పు మాటలనే నేడు మీకును విన్నవించుచున్నాను.

ఆ ధీమాకు ఒకప్పుడు ఆధారము లేకపోలేదు. సంస్థానముల కాలమున, మద్రాసు రాజధానిలోని మనకు మైసూరు కోర్టు అన్యదేశపు కోర్టు. అట్టి కోర్టుల అధికారమునుగూర్చి పేరుపొందిన వ్యాజ్య మొకటి కలదు. పంజాబు ప్రాంతపు ఫరీద్‌కోట్ సంస్థానమున కోశాధికారిగా నుండిన గురుదయాళ్ సింగు 1874లో కొలువు విడిచి జీంద్ సంస్థానమునకు పోయెను. కొన్నేండ్లకు రాజు తన సంస్థానపు కోర్టులోనే అతనిపై దావా వేసి, అతడు రాకుండగనే డిక్రీలు పొందెను. పిమ్మట వాటిని పట్టుకొని బ్రిటిషు కోర్టులో సొమ్ము రాబట్ట జూచెను. 1894లో ప్రీవీ కౌన్సిలు అందు కొప్పుకొనలేదు. ప్రతివాది ఆ సంస్థానమున నివసింపక, ఆ కోర్టునకు ఏవిధముగను లోబడక యున్నపుడు, వ్యవహారము అచ్చట జరిగినంతమాత్రమున వెలుపలివానిపై డిక్రీ చెల్లదని తీర్పు చెప్పెను.

కాని ఆ కాలము గడచిపోయినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 261వ అనుచ్ఛేదము ప్రకారము, దేశములో ఏ భాగమందలి సివిలు కోర్టు తుది తీర్పైనను చట్టరీతిగా దేశమంతటను అమలు జరుపవచ్చును. కోలారు డిక్రీని మన ప్రాంతపు కోర్టునకు పంపించి, కోటలోని యాస్తిని జప్తు చేయింపవచ్చును. రాష్ట్రపు ఎల్ల మనకు కోటగోడ కాదు.

అట్లయిన వాది తన యిష్టము వచ్చిన కోర్టునకు మనలను లాగవచ్చునా? లాగరాదు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 20వ సెక్షను హద్దులు ఏర్పరచినది. సామాన్యముగా ప్రతివాది నివసించుచోటనో, వ్యాపారమో జీవనోపాధి పనియో చేయుచోటనో, వ్యాజ్యకారణము పూర్తిగా గాని కొంతగా గాని పుట్టినచోటనో దావా వేయవలయును. కోట రైతొకడు కోలారు అంగడిలో విత్తనములు అరువు తెచ్చి, పత్రము నచ్చటనే వ్రాసియిచ్చె ననుకొనుడు. అతని కాపురము కోటలోనే యున్నను కోలారు కోర్టు విచారింపవచ్చును. ఫరీద్‌కోట్ వ్యాజ్యమునకును దీనికిని గల భేద మిదియే. అప్పు కోటలో పుచ్చుకొని, పత్రము కోటలో వ్రాసి, కోటలోనే తీర్చుట కొప్పుకొనినచో, ఋణదాత పిమ్మట కోలారులో కాపురము పెట్టినంతమాత్రమున కోలారు కోర్టునకు అధికారము రాదు.

కోటలోని పొలము ఎవరిదో తేల్చు దావా, 16వ సెక్షను ప్రకారము, ఆ పొలమున్న ప్రాంతపు కోర్టులోనే నడువవలయును. ఇక అచ్చుపత్రములలో “తగవులన్నియు ఫలానా నగరపు కోర్టులోనే” అను పంక్తి యుండును. రెండు కోర్టులకు అధికారమున్నపుడు ఒకదానిని ఎంచుకొను ఒడంబడిక చెల్లునని, అధికారమే లేని కోర్టునకు ఒడంబడికచే అధికారము రాదని, 1971లో హకంసింగు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తేల్చినది. కావున వ్రేలిముద్ర వేయకముందే ఆ పంక్తి చదివించుకొనుడు.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారమునకు నాలుగు పాదములు చెప్పినది. వాది మాట మొదటిది. ప్రతివాది యుత్తరము రెండవది. అధికారము లేదను అభ్యంతరము ఈ రెండవ పాదమునకు చెందినది. దానిని ఇంటి యరుగుపై గాక కోర్టులో చెప్పవలయును. 21వ సెక్షను ప్రకారము, మొదటి కోర్టులోనే, వీలైనంత తొలుదొలుత, వివాదాంశములు ఏర్పరచునప్పటికే చెప్పవలయును. అట్లు చెప్పనివాని మాట పైకోర్టు వినదు. అభ్యంతరము నెగ్గినచో దావా కాగితము తగిన కోర్టులో వేసికొనుటకై వాదికి తిరిగి యిచ్చెదరు. అప్పు మాత్రము మాసిపోదు.

ఏకపక్షముగా డిక్రీ పడినచో, తగిన కారణము చూపి రద్దుచేయ గోరుటకు డిక్రీ నాటినుండి ముప్పది దినముల గడువు కలదు. సమను సరిగా అందనిచో, డిక్రీ సంగతి తెలిసిననాటినుండి ముప్పది దినములు. వకీలును పెట్టుకొను శక్తి లేని బీదలకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని 1987 నాటి చట్టము ఉచిత న్యాయసహాయము కల్పించినది.

మీ గ్రామమున చదువురానివాని యింటికి పొరుగుసీమ సమను వచ్చినచో, ముందుగా వాయిదా తేదీ చదివి చెప్పుడు. ఆ వాయిదాకు ముందే వకీలు నొద్దకు పంపుడు. సెలవు.